చిన్నికి చదవడం రాదు

ఆ మాట స్కూల్లో నేనొక్కడినే అన్నాను. మిగతా అందరూ వచ్చిందన్నారు. టీచర్లు అన్నారు, సంస్థ వాళ్ళు అన్నారు, ట్యాబులో ఆకుపచ్చ గుర్తు కూడా అదే చెప్పింది.

నా పేరు బాలశౌరి. వయసు అరవై ఏడు. చల్లపల్లి దగ్గర పల్లెటూళ్ళో పదో తరగతి దాకా చదివాను. తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు కాలవల మీద లస్కరుగా పనిచేశాను. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గేజీ మీద నీటిమట్టం చూసి ఆఫీసుకు చెప్పడం నా పని. ఇప్పుడు భవానీపురంలో ఒక గది తీసుకుని ఒక్కణ్ణే ఉంటున్నాను. నా భార్య తెరేసమ్మ పోయి నాలుగేళ్ళయింది.

మా వీధి చివర మున్సిపల్ ప్రాథమిక పాఠశాల ఉంది. రెండేళ్ళ కిందట ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడికొచ్చింది. మూడో తరగతికి వచ్చినా తెలుగు చదవలేని పిల్లల్ని ఐదుగురు చొప్పున ఒక్కో పెద్దమనిషికి అప్పగిస్తుంది. రోజూ పొద్దున ముప్పావు గంట చెప్పాలి. జీతం లేదు. ఏడాదికోసారి ఒక టోపీ ఇస్తారు. నేను పెట్టుకోలేదు.

వాళ్ళ లెక్క ఇది. పిల్ల కథ కార్డు చదివితే 'కథ స్థాయి'కి చేరినట్టు. చేరిన పిల్లని గుంపులోంచి తీసేస్తారు. ఆ తర్వాత ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్ళు ఉండరు. నాలుగో తరగతి పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. చదవలేని పిల్లకి రెండూ ఒకటే. నా గుంపులో ఉన్న చిన్నికి ఈ లోకంలో ఉన్నది ఆ ముప్పావు గంట. ఆకుపచ్చ గుర్తు పెట్టి దాన్ని లాక్కుంటున్నారు.

పరీక్ష పెట్టింది హర్షవర్ధన్. సంస్థ తరఫున మా స్కూలు చూసుకునే కుర్రాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. అందరినీ అంకుల్ అంటాడు, ఎవరి మాటా వినడు. చిన్ని కార్డు పట్టుకుని, వేలు పెట్టి మొదలుపెట్టింది.

"పుల్లయ్య గేదె కాలవలో దిగింది. ఎంత పిలిచినా గట్టుకు రాలేదు. పుల్లయ్య గట్టు మీద కూర్చుని పాట పాడాడు. గేదె తల ఎత్తి చూసింది. మెల్లగా నడిచి వచ్చి పుల్లయ్య పక్కన నిలబడింది."

గొంతు గంటలా ఉంది. హర్షవర్ధన్ ట్యాబు మీద నొక్కాడు. నేను పిల్ల గొంతు వినలేదు, వేలు చూశాను. కూడబలుక్కునే పిల్ల వేలు వత్తు దగ్గర తడబడుతుంది. చిన్ని వేలు ఎక్కడా తడబడలేదు. పైగా నోరు మూడో వాక్యంలో ఉంటే వేలు ఇంకా రెండో వాక్యం దాటలేదు.

అతను పక్క పిల్లాడి దగ్గరికి వెళ్ళాక మళ్ళీ చదవమన్నాను. మధ్యలో కార్డు మీద అరచెయ్యి పెట్టాను. చిన్ని ఆగలేదు. గేదె తల ఎత్తింది, నడిచి వచ్చింది, పుల్లయ్య పక్కన నిలబడింది. అంతా అయ్యాక నా చెయ్యి చూసి, "తాతగారూ, చెయ్యి తియ్యండి, నాకు కనపడట్లేదు" అంది.

నవ్వొచ్చే మాటే. నాకు నవ్వు రాలేదు.

"ఆ పిల్ల అప్పజెప్పింది. చదవలేదు" అన్నాను హర్షవర్ధన్‌తో.

"ఫ్లో బాగుంది కదంకుల్. పిల్లలు కొంచెం బట్టీ పడతారు. నార్మలే."

"కొంచెం కాదు. మొత్తం."

"మీరు మరీ స్ట్రిక్టు. పాపకి కాన్ఫిడెన్స్ వచ్చింది, అది చూడరే?"

"ఇంకో కార్డు ఇచ్చి చూడు."

"ఉన్నవే నాలుగు కార్డులు. నాలుగూ చదివేసింది."

"ఆ నాలుగూ రోజూ ప్రేయర్‌లో చెప్పిస్తున్నారయ్యా! గేటు దగ్గర బఠాణీలమ్మే ఆవిణ్ణి అడుగు, పుల్లయ్య గేదె కథ ఆవిడా చెబుతుంది."

"అయితే ఆవిడకీ గ్రీన్ పెట్టేద్దాం అంకుల్" అని నవ్వి, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. రెండేళ్ళుగా అవే నాలుగు కార్డులు. రోజూ ప్రార్థన అయ్యాక చదువు వచ్చిన పిల్ల ఒకతె ముందు నిలబడి కార్డులో లైను చెబుతుంది, మిగతా పిల్లలంతా తిరిగి చెబుతారు. అది హెడ్‌మిస్ట్రెస్ ఛాయాదేవి గారి ఏర్పాటు. ఆవిడ గదికి వెళ్ళాను.

"బాలశౌరి గారూ, కూర్చోండి. ఎనభై శాతం పిల్లలకి చదువొచ్చి తీరాలని పైనుంచి నన్ను అడుగుతున్నారండీ" అంది.

"శాతం సంగతి కాదండీ, ఒక్క పిల్ల సంగతి."

"ఒక్కో పిల్లనీ కలిపితేనే కదండీ శాతం. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. మీరు ముప్పావు గంట ఉండి ఇంటికెళ్ళి పడుకుంటారు. తర్వాత సాయంత్రం దాకా నేనుండాలి ఇక్కడ. మీరు సాయం చెయ్యడానికి వచ్చారు, తనిఖీకి కాదు."

"చదువు రాని పిల్లని వచ్చిందనడం సాయమా అండీ?"

"పది రోజుల్లో సంస్థకి డబ్బులిచ్చే కంపెనీ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు చిన్నే చదువుతుంది. దాని మొహంలో సంతోషం చూశారా మీరు? పాడు చెయ్యకండి."

ఆవిడ మాటలో నిజం ఉంది. నిజం ఉన్నంత మాత్రాన నేను క్షమించలేదు.

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. చిన్ని గుంపు నా చేతికొచ్చిన మొదటి రెండు నెలలు నేను కూడా అదే పని చేశాను. నేనొక లైను, వాళ్ళొక లైను. మా ఊరి బళ్ళో మాస్టారు అలాగే చెప్పారు. ఐదుగురూ గొంతెత్తి అరుస్తుంటే రోడ్డున పోయేవాళ్ళు కిటికీలోంచి చూసేవాళ్ళు. నాకు ఛాతీ పొంగేది. నిజానికి నాకు అక్షరాలు వచ్చింది బళ్ళో కాదు. మా మేనమామ వడ్ల బస్తాల మీద కూర్చోబెట్టి ఒక్కో అక్షరం చూపించి, తప్పితే చెవి మెలేసి నేర్పాడు. ఆ సంగతి మర్చిపోయి ఆ గొప్ప బడికి కట్టబెట్టాను. చిన్నికి ఆ కథ నోటికి ఎక్కించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కాలవ మీదా ఇదే చూశాను. గేజీ దాకా నడవడానికి బద్ధకించి నిన్నటి అంకె చెప్పేసే లస్కర్లు ఉండేవాళ్ళు. ఆఫీసు కాగితంలో కాలవ నిండుగా పారేది. చివరి పొలాల్లో నారు ఎండేది. రైతు ఏడిస్తే, నీళ్ళు వచ్చినట్టు రాసి ఉంది కదయ్యా అనేవాళ్ళు. నేను ఒక్కరోజూ చూడని అంకె చెప్పలేదు. అందుకే కాలవ మీద నాకు స్నేహితులు లేరు.

తెరేసమ్మ గురించి కూడా చెప్పక తప్పదు.

మా పెళ్ళి నాటికి ఆమె ఐదో తరగతి చదివిందని చెప్పారు. నమ్మాను. ప్రతి ఆదివారం గుడిలో పాటల పుస్తకం తెరిచి, అందరితోపాటు పేజీ తిప్పి పాడేది. ఇంట్లో ప్రార్థన పుస్తకం మీద వేలు పెట్టి చదివేది. సంతకం చేసేది. బస్టాండులో మాత్రం బోర్డు చదవమంటే, "కళ్ళజోడు తేలేదు, మీరే చూడండి" అనేది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మూడు కళ్ళజోళ్ళు కొనిపెట్టాను. మూడోది కొన్నప్పుడు డాక్టరు మీద కూడా ఎగిరాను, సరిగ్గా చూడలేదని.

చివర్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, చూపు ఆనడం లేదేమోనని పెద్ద అక్షరాల పాటల పుస్తకం కొనిచ్చాను. కొత్త ముద్రణ. ఆమె సంతోషించి, పాత పుస్తకంలో అలవాటైన చోటే తెరిచి, వేలు పెట్టి మరియమాత పాట అందుకుంది. నేను పక్కనుంచి చూస్తే ఆ పేజీలో ఉన్నది క్రిస్మస్ పాట. కొత్త పుస్తకంలో పాటల వరస మార్చేశారు.

"అక్కడున్నది అది కాదు కదా" అన్నాను. ఆమె వేలు ఆగిపోయింది. "నీకు చదవడం రాదా?" అన్నాను. నర్సు సూది పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

తెరేసమ్మ పుస్తకం మూసి దిండు కింద పెట్టింది. ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది. నాతో మాట్లాడింది. మందుల గురించి, కొబ్బరి బోండం గురించి, దోమల గురించి. మళ్ళీ ఆ పుస్తకం తియ్యలేదు. పాట కూడా పాడలేదు. చదువు ఎలాగూ లేదు, ఉన్న పాటని నేను ఆపించాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు పక్కనే ఉండి చూడని గుడ్డివాణ్ణి నేను. కళ్ళజోడు నాకు కొనుక్కోవాల్సింది.

స్కూల్లో చేరింది అందుకే. దీనికి ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

కంపెనీ వాళ్ళు వచ్చేలోపు తొమ్మిది రోజులున్నాయి. అప్పటిదాకా చిన్ని నా గుంపులోనే కూర్చుంటుంది. నేర్పుదామని చూశాను.

"చిన్నీ, కార్డు పక్కన పెట్టు. ఈ మాట చూడు."

"నేను కథ స్థాయి అయిపోయాగా. అవి మాటల స్థాయోళ్ళకి చెప్పండి."

"నాకోసం చూడు."

"పుల్లయ్య కథ మీకు రాదా? నేను నేర్పిస్తా, చెప్పండి నా వెనకాల" అంది. మిగతా నలుగురూ పడీ పడీ నవ్వారు.

అవే మాటలు అటూ ఇటూ మార్చి కాగితం మీద రాసిచ్చాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "మీ రాత బాలేదు తాతగారూ. అచ్చులో ఉంటే చదువుతా" అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల. అప్పుడే సాకు దొరికింది దానికి. ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదు.

జిరాక్సు షాపులో అదే అక్షరాలతో, అదే సైజులో కార్డు అచ్చు వేయించాను. అది హర్షవర్ధన్‌కి చూపించి, ఒక్కసారి చదివించమన్నాను.

"విజిట్ అయిపోయాక చూద్దాం అంకుల్."

"విజిట్ అయిపోయాక మీరుండరు. టార్గెట్ అయితే ఇంకో స్కూలుకి పోతారని నువ్వే చెప్పావు."

"మంచిదేగా. అక్కడా పిల్లలున్నారు."

"అయితే ఆ రోజు నేనే చదివిస్తా. ముందే చెబుతున్నా."

"మీరు అంత పని చెయ్యర్లెండి" అన్నాడు. నేనెవరో అతనికి తెలియదు.

ఆ రోజు వరండాలో కుర్చీలు వేశారు. హైదరాబాదు నుంచి ముగ్గురు వచ్చారు, ముగ్గురికీ ఒకే రకం నీలం టీషర్టులు. చిన్ని అమ్మ హనుమాన్ జంక్షన్‌లో హోటల్లో వంటపని చేస్తుంది, వారానికోసారి వస్తుంది. పిల్లని పెంచుతున్నది అమ్మమ్మ మాణిక్యమ్మ. కల్యాణ మండపంలో ఊడ్చే పని. ఆ పూట సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి గోడ పక్కన నిలబడింది. మనవరాలి జడలో మూరెడు మల్లెలు పెట్టింది.

చిన్ని చదివింది. కాదు, చెప్పింది. చప్పట్లు మోగాయి. టీషర్టు వేసుకున్నావిడ లేచి వచ్చి పిల్ల బుగ్గ పట్టుకుని, "సూపర్ రా కన్నా" అంది.

నేను లేచాను. ఆస్పత్రి మంచం నాకు గుర్తుంది. నలుగురిలో అడిగితే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాడు ఆ వరండాలో లేడు. అయినా లేచాను. ఆ రోజు దాటితే మళ్ళీ అడిగేవాడు ఉండడు.

"ఇది కూడా చదువమ్మా" అని నా కార్డు ఇచ్చాను.

ఆ కార్డులో ఇలా ఉంది. 'గేదె గట్టు మీద కూర్చుని పాట పాడింది. పుల్లయ్య కాలవలో దిగాడు. ఎంత పిలిచినా రాలేదు.' చదివే పిల్లయితే మొదటి లైనుకే నవ్వుతుంది.

చిన్ని వేలు పెట్టింది. "పుల్లయ్య గేదె కాలవలో దిగింది..." అని గంటలా మొదలుపెట్టింది. టీషర్టావిడ భుజం మీంచి కార్డు చూస్తోంది. ఆవిడ నవ్వు సగంలో నిలిచిపోయింది. చిన్ని ఆఖరిదాకా వెళ్ళింది. గేదె వచ్చి పుల్లయ్య పక్కన నిలబడింది. ఈసారి చప్పట్లు లేవు. పిల్ల తలెత్తి అందరినీ చూసింది, కార్డు చూసింది, చివరికి నన్ను చూసింది.

"పాపం, టెన్షన్ పడినట్టుంది" అంది ఆవిడ.

"టెన్షన్ కాదండీ. ఈ పిల్లకి చదవడం రాదు. తప్పు పిల్లది కాదు. మేం అరిపించాం గాని నేర్పలేదు. నేనూ నేర్పలేదు. మీ ట్యాబులో పచ్చగా ఉన్నవాళ్ళలో సగం మంది ఇంతే. అందరికీ ఈ కార్డు ఇచ్చి చూడండి."

ఎవరూ ఇవ్వలేదు. "అంకుల్‌కి ఈ మధ్య ఒంట్లో బాగుండట్లేదు మేడమ్" అన్నాడు హర్షవర్ధన్. ఛాయాదేవి గారు డాన్సు పిల్లల్ని రమ్మంది. పాట పెట్టారు. సమోసాలు తెచ్చారు.

చిన్ని కార్డుని కుర్చీ మీద పెట్టి, అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి చీరలో మొహం దాచుకుంది. మాణిక్యమ్మ గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"ఏమయ్యా పెద్దమనిషీ! నా పిల్ల ఇంతమందిలో చదివితే నీకెందుకంత కడుపుమంట?"

"అది చదవలేదమ్మా."

"చదువుకున్నోళ్ళంతా చప్పట్లు కొట్టారు. నువ్వొక్కడివే దొరికావా మొగోడివి?"

చిన్ని నా వైపు చూడలేదు. మల్లెలు జడలోంచి లాగి చేతిలో నలుపుతోంది.

సాయంత్రం హర్షవర్ధన్ ఫోన్ చేశాడు.

"రేపట్నుంచి రావద్దంకుల్. సారీ."

"సరే. చిన్నికి ఎవరు చెబుతారు?"

"చిన్ని పేరు లిస్టులోంచి తీసేశాం. మీరు అడిగిందేగా."

"కథ స్థాయి తియ్యమన్నాను. పిల్లని తియ్యమన్నానా?"

"డేటాలో ఇష్యూ అయింది అంకుల్. అందుకని డ్రాపౌట్ కింద చూపించాం" అని పెట్టేశాడు.

ఏ ముప్పావు గంట కోసం ఆ వరండాలో లేచానో, ఆ ముప్పావు గంట నేను లేచినందుకే పోయింది. వాళ్ళని తిట్టుకున్నాను. రెండు రోజులు తిట్టుకుంటూనే ఉన్నాను. మూడో రోజు తిట్లు అయిపోయాయి, పిల్ల మిగిలింది.

చిన్ని వాళ్ళ ఇల్లు కొండ మీద. నూట పద్దెనిమిది మెట్లు. నా మోకాళ్ళు ప్రతి మెట్టునీ లెక్కపెట్టాయి. పైకి చేరేసరికి మాణిక్యమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"మళ్ళీ ఎందుకొచ్చావ్?"

"పిల్లకి చదువు చెప్పడానికి."

"నువ్వు చెప్పిన చదువు చాలు. మూడు రోజుల్నించీ బడికి పోనంటంది. గేదె, గేదె అని పిల్లలు ఏడిపిస్తన్నారంట. ఎవరి పుణ్యం?"

"నాదే."

"సిగ్గుందా?"

"ఉంది."

"మరైతే తప్పయిందని చెప్పు దానికి."

"చెప్పను. నలుగురిలో చేసినందుకు సిగ్గుంది. చేసినందుకు లేదు. ఆ రోజు నేను నోరు మూసుకుంటే నీ మనవరాలు జన్మంతా ఎవరో ఒకర్ని బోర్డు చదవమని అడుక్కోవాలి."

"అబ్బో, ఏం నోరయ్యా నీది! నీ పెళ్ళాం ఎట్టా వేగిందో."

"వేగలేదు. పోయింది."

మాణిక్యమ్మ చేట పక్కన పెట్టింది. పీట ఇటు తోసింది. "కూర్చో. మంచినీళ్ళు తాగి పో. దానికి ఇష్టమైతే చెప్పు, లేకపోతే మెట్లు దిగు."

చిన్ని లోపల గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"నేను చదవను. మీరు చెడ్డోళ్ళు."

"అవును."

"పొండి."

"పోను. నాతో మాట్లాడొద్దు, నన్ను చూడొద్దు. దీన్ని చూడు చాలు."

అన్నం గిన్నె కింద వేసిన పాత పేపరు ముక్క లాగి పిల్ల ముందు పెట్టాను. పెద్ద అక్షరాల్లో 'మినుము రైతుల ఆందోళన' అని ఉంది. చిన్ని చాలాసేపు ఇటు తిరగలేదు. తర్వాత తిరిగి పేపరు చూసింది. జవాబు దొరుకుతుందేమోనని నా మొహం చూసింది. నేను గుమ్మం వైపు చూశాను.

"పుల్లయ్య" అంది.

"కాదు."

"గేదె."

"కాదు."

"రాదు నాకు! రాదు! చాలా?" అని అరిచింది. మెట్లు ఎక్కుతున్న ఎవరో ఆగి తలెత్తి చూశారు. మాణిక్యమ్మ లేవబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"మొదటి అక్షరం ఏది?"

"మ."

"మ కాదు. పైన ఏముందో చూడు."

ఆ అక్షరాన్ని కొట్టేటట్టు చూసింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు.

"గుడి."

"గుడి ఉంటే?"

"మి" అంది పళ్ళ బిగువున.

"తర్వాత?"

"ఉండండి! చూస్తన్నాగా!" అని కసిరింది.

నేను నోరు మూసుకున్నాను.